మొదటిది రాయనన్నాను

మా క్లినిక్‌లో నడుము బలం కొలిచే కుర్చీ ఒకటుంది. తొడలు కదలకుండా కట్టి, రొమ్ముకి తోలు పట్టీ బిగించి, వెనక్కి నెట్టమంటాం. ఎన్ని కిలోల బలమో తెర మీద పడుతుంది. ఈ పని నాకెవరూ నేర్పలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం చదువుకుని నేర్చుకున్నాను. అందుకే నియమాలన్నీ కంఠతా వచ్చు. ప్రతిసారీ వారంలో అదే రోజు, అదే గంట, కొలిచే మనిషి అదే, చెప్పే మాటలూ అవే. నాలుగుసార్లు నెట్టించాలి. మొదటిది అలవాటు కోసం, రాయకూడదు. తర్వాతి మూడూ రాయాలి. మనసు పెట్టి నెడితే ఆ మూడూ దగ్గరదగ్గరగా వస్తాయి.

డార్సీ మల్కాహి గురువారం నాలుగింటికి వచ్చాడు. ముప్పై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించి నడుము పోగొట్టుకున్నాడు. దగ్గరికెళ్తే ఉన్ని జిడ్డు వాసన. నటించడం లేదని ఈ కుర్చీ తేలిస్తేనే అతనికి భత్యం.

"కూర్చోండి సార్."

"సారేంటి పిల్లా, నేనేమన్నా మేజిస్ట్రేటునా? ఇదేంటి, గొర్రెని కట్టినట్టు కట్టేస్తున్నావ్?"

"తన్నకపోతే ఉన్ని జోలికి రాన్లే."

నవ్వాడు. వెంటనే నడుము పట్టుకున్నాడు.

"ఇది ఉత్తినే. సగం బలం చాలు, రాయను" అన్నాను.

"మాటేనా?"

"మాటే."

ముప్పై ఒకటి. ఆ తర్వాత యాభై మూడు, యాభై నాలుగు. ఆఖరుసారి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నెట్టాడు. ఆ అంకెని సేవ్ చేసే మీట నొక్కడం మర్చిపోయాను. మళ్లీ నెట్టమనడానికి నోరు రాలేదు. అతను వెళ్లాక మూడో గడిలో ముప్పై ఒకటి వేసేశాను.

కావాలనే తక్కువ నెట్టాడని రిపోర్టు వెళ్లింది. భత్యం ఆగింది.

క్లినిక్‌కొచ్చి మా మేనేజర్ నెరిడా ఎదుటే అడిగాడు. "నువ్వే కదా పిల్లా, సగం చాలన్నావు?"

"మావాళ్లు అలా చెప్పరండీ" అంది నెరిడా.

నేను తల వంచుకుని కూర్చున్నాను.

భత్యం లేక మళ్లీ ఉన్ని కత్తిరించే షెడ్డుకెళ్లాడు. అక్కడ నడుము మీద బరువు పడకుండా, దూలానికి వేలాడే పట్టీలో రొమ్ము ఆనించి వంగుతారు. ఒక గురువారం ఆ పట్టీలోనే పోయాడు. పని చేస్తున్నాడనే అనుకున్నారట... చాలాసేపు.

తర్వాతి గురువారం దుమ్ము లేచింది. నాలుగింటికే ఊరంతా ఎర్రటి చీకటి. కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. గదిలో నేనొక్కదాన్నే.

ముందు వాసన వచ్చింది. ఉన్ని జిడ్డు.

తర్వాత తోలు కిర్రుమంది. ఖాళీ కుర్చీలో పట్టీ బిగిసి ఉంది. మొదటి రంధ్రంలో... డార్సీలాంటి లావుపాటి మనిషికి పెట్టే రంధ్రం.

"చెప్పు పిల్లా... అవే మాటలు..."

నా నోరు దానంతటదే కదిలింది. "నెట్టండి... నెట్టండి..."

ముప్పై ఒకటి.

"ఇది రాయవుగా?"

తల అడ్డంగా ఊపాను.

యాభై మూడు.

యాభై నాలుగు.

ఇంకోటుంది. ఆగలేకపోయాను. పరిగెత్తాను.

మర్నాడు నెరిడాకి అంతా చెప్పేశాను. రిపోర్టు సరిదిద్దుదామన్నాను.

"పోయినవాడికి భత్యమెందుకే? నోరు మూసుకో, ఇద్దరికీ మంచిది."

మూసుకున్నాను. రెండోసారి.

ఈరోజు గురువారం. మూడున్నరకి డార్సీ ఫైలు తెరిచాను. నేను వేసిన ముప్పై ఒకటి లేదు. మూడో గడి ఖాళీ.

కుర్చీ దగ్గరికెళ్లి చూశాను. పట్టీ ఈసారి ఆఖరి రంధ్రంలో పెట్టి ఉంది. ఇంత సన్నటి మనిషిని ఇందులో ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. ఈ క్లినిక్‌లో అది సరిపోయేది నా ఒక్కదానికే.

తోలు ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది.