తివాచీ పరవలేని రాకుమారులు

హేమకూట రాజ్యంలో సింహాసనం ఖాళీగా ఉంది. రాజు జయంతసేనుడు వేటకు వెళ్ళి, దుమ్ముకాళ్ళతో కరాళుడనే రాక్షసుడి మందిరంలో అడుగుపెట్టి, శిలగా మారిపోయాడు. ఆయనను విడిపించి రాకుమార్తె వకుళావతిని పెళ్ళాడతామని మీసాలు దువ్వుతూ బయలుదేరిన రాకుమారులూ తిరిగి రాలేదు. వాళ్ళు పోయినందుకు ఎవరూ భోజనం మానలేదు.

చివరికి వకుళావతే కత్తి కట్టుకుని అడవిదారి పట్టింది.

దారిలో మాట్లాడే పులి ఒకటి అడ్డం వచ్చింది. "నువ్వూ శిల కావడానికేనా? ఇటు పోయినవాళ్ళందరినీ చూశాను. తినబుద్ధి కూడా కాలేదు," అంది.

"నన్ను చూస్తే అవుతోందా?" అంటూ ఆమె కత్తి మీద చెయ్యి వేసింది. పులి ఆవులించి పక్కకు తప్పుకుంది.

మందిరంలో కరాళుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ నాన్న నా నేలను మురికి చేశాడు. దాన్ని తివాచీలతో కప్పితే ఆయన్ని వదులుతాను. నేల ఒక వైపు నా మంత్రదండం కన్నా మూడు బారలు ఎక్కువ, రెండో వైపు రెండు బారలు ఎక్కువ. దండం పొడవు మాత్రం చెప్పను. ఏమేం కావాలో అడుగు, నా మగ్గం నేస్తుంది. జానెడు నేల కనిపించినా నువ్వూ శిలవే."

"వీళ్ళేం అడిగారు?" అంటూ ఆమె రాకుమారుల శిలలను చూపింది.

"దండాన్ని దండంతో, మూడును రెండుతో గుణించారు. దండమంత చదరం ఒకటి, బారెడు చదరాలు ఆరు చాలన్నారు. అందరిదీ అదే తెలివి."

వకుళావతికి ఒళ్ళు మండింది. ఈ బుద్ధితోనా వీళ్ళు తనను ఏలుకుందామనుకున్నది?

"పెళ్ళి ఎదురుకోలులో ఇటువైపు ప్రతి ఒక్కరూ అటువైపు ప్రతి ఒక్కరినీ పలకరించాలి. పెద్దలు పెద్దలను, పిల్లలు పిల్లలను పలకరించి ఊరుకుంటే మిగతావాళ్ళు అలగరూ? ఇక్కడా అంతే. దండం దండాన్నీ కలవాలి, రెండునూ కలవాలి. మూడు కూడా దండాన్నీ, రెండునూ కలవాలి. అందుకని దండమంత చదరం ఒకటి, దండమంత పొడవు, బారెడు వెడల్పు ఉన్న పట్టీలు రెండూ మూడూ ఐదు, బారెడు చదరాలు ఆరు. నెయ్యమను."

మగ్గం నేసింది, వకుళావతి పరిచింది. కరాళుడు మూలమూలా వెతికి, ముఖం మాడ్చుకుని శాపం తీసేశాడు. తండ్రి కళ్ళు తెరవగానే వకుళావతి ఆయనను పట్టుకుని ఏడ్చేసింది.

రాకుమారులూ లేచారు. వారిలో చండవర్మ అనేవాడు మీసం దులుపుకుని, "నేనూ దాదాపు సరిగ్గానే చెప్పాను. ఆ ఐదు పట్టీలేగా తేడా. పెళ్ళి ముహూర్తం ఎప్పుడు?" అన్నాడు.

రాజు అతన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, రాజ్యాన్ని కూతురికే అప్పగించాడు. పట్టాభిషేకం నాడు సభామండపంలో తివాచీలు పరిచే పని వకుళావతి ఆ రాకుమారులకే ఇచ్చింది. పరవడం అయ్యాక అంచులు మాత్రం తానే స్వయంగా చూసుకుంది.