దంపతుల విభాగంలో మొదటి బహుమతి

అనంతగిరి ఘాట్ రోడ్డు మొదటి మలుపు తిరిగేసరికి కూర్మనాథ్‌కి నవ్వొచ్చింది. నెత్తిన ఎండ, ముందు ఓ పదిమంది సైకిళ్లు. ప్రతి ఏడూ ఇక్కడే ఊపిరందేది కాదు, తొడలు మండిపోయేవి. ఇవాళ కాళ్లు వాటి పాటికవి తిరుగుతున్నాయి. ఫ్యాను కింద కూర్చుని టీవీలో ఎవడిదో పందెం చూస్తున్నట్టుంది.

"పావనీ, ఎలా ఉంది?" అన్నాడు మైకులో.

"నాకేం, మహారాణిలా కుర్చీలో కూర్చున్నా. కబుర్లాపి తొక్కండి," అంది భార్య, రొప్పుతూ.

రొప్పదా మరి! ఆ ఆయాసం ఈయనగారిది.

డాక్టర్ శిష్ట్లా అనే ఆవిడ కనిపెట్టిన యంత్రమది. చూడ్డానికి మెడకి కట్టుకునే బెల్టు, అంతే. ఒళ్లు అలిసినా దెబ్బ తగిలినా ఆ కబురు నరాల మీదుగా మెదడుకి వెళ్తుంది కదా. ఈ బెల్టు ఆ సిగ్నల్‌ని మెడ దగ్గరే పట్టేసి, రేడియోలో ఇంకో బెల్టుకి పంపిస్తుంది. కండరాలు ఆయనవే, కీళ్ల అరుగుదలా ఆయనదే. నొప్పి మాత్రం కొండ మీద ఫినిష్ లైన్ పక్కన, షామియానాలో కూర్చున్న భార్యది. దంపతుల విభాగమని పేరు పెట్టి, సైక్లింగ్ సంఘం వాళ్లు ఈ ఏడు ప్రయోగంగా నడుపుతున్నారు. కుర్చీలో ఉన్నవాళ్ల చేతికి స్విచ్ ఇచ్చారు. ఓర్చుకోలేకపోతే నొక్కెయ్యొచ్చు. నొప్పంతా ఒక్కసారిగా సొంతదారుకి పోతుంది, ఆ జంట పందెంలోంచి అవుట్.

"కష్టమనిపిస్తే మొహమాటపడకుండా నొక్కండమ్మా," అని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది. మొహమాటమట! డజను మంది ఇల్లాళ్లని వరసగా కూర్చోబెట్టి, ఎవరు నొక్కితే వాళ్ల నెత్తిమీద ఎర్రబల్బు వెలిగేలా పెట్టి, ఆ మాట అనడానికి ఆ మహాతల్లికి నోరెలా వచ్చిందో! జన్మలో ఒక్క పేరంటానికైనా వెళ్లిన మనిషి కాదనుకుంటాను.

కూర్మనాథ్ కరెంటాఫీసులో ఇంజనీరు, నలభై దాటాయి. ఏటా ఈ పందెంలో అందరికన్నా ఆఖరున వస్తాడు కాబట్టి ఆఫీసులో అతన్ని 'గార్డు పెట్టె' అంటారు. బతుకులో ఒక్కసారి మొదట రావాలి, కప్పు పట్టుకుని ఫొటో దిగాలి, దాన్ని ఆఫీసు గోడకి తగిలించాలి. అతనికున్న కోరికల్లా ఇదే. పావనికీ తెలుసు, అందుకే కుర్చీ ఎక్కింది.

సగం ఘాట్ ఎక్కాక పావని గట్టిగా మూలిగింది. వెంటనే తమాయించుకుని, "పక్క కుర్చీలో కాలేజీ ప్రిన్సిపాల్ గారి భార్య చెమటలు కక్కేస్తోందండీ. ఇంకాసేపట్లో నొక్కేస్తుంది చూడండి. మీరు మాత్రం స్పీడు తగ్గించకండి," అంది.

ఇన్ని కబుర్లు చెబుతోందంటే తేలిగ్గానే ఉందన్నమాట, అనుకున్నాడు కూర్మనాథ్. ఇన్నేళ్లు కాపరం చేసి ఆవిడ గొంతు అతనికి తెలిసింది ఆపాటే. పెద్ద గేరు వేశాడు. ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాడు.

ఆఖరి ఎత్తులో ముందు మిగిలింది ప్రిన్సిపాల్ ఒక్కడే. అప్పుడు కూర్మనాథ్ కుడి మోకాల్లో టక్కుమంది. అతనికేం తెలియలేదు కానీ, పావని పెట్టిన కేకకి చెవి గింగురుమంది.

"ఏమైందే? నొక్కేస్తావా?"

అడగడమైతే అడిగాడు. నొక్కెయ్యి అని మాత్రం అనలేదు, అవతల ఫినిష్ లైన్ జెండాలు కనబడుతున్నాయి మరి.

ఆవిడ జవాబు చెప్పేలోగా ముందున్న ప్రిన్సిపాల్ పెడబొబ్బ పెట్టి సైకిల్ మీంచి పడ్డాడు. తొడలు పట్టుకుని, తారు రోడ్డు మీద దొర్లుతూ, అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు. అంత పెద్దమనిషి అలా ఏడవడం చూసి కూర్మనాథ్ చెయ్యి బ్రేకు మీదకి పోయింది.

"నొక్కేసింది, నొక్కేసిందండీ!" అంది పావని. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మీరు తొక్కండి."

తొక్కాడు. మోకాలి లోపల గులకరాళ్లు నలిగినట్టు చప్పుడవుతోంది. ఆ చప్పుడు వింటూనే గీత దాటాడు, అందరికన్నా ముందు.

సైకిల్ దిగబోతే కాలు వంకర తిరిగి మడతపడిపోయింది. ఇద్దరు మోసుకెళ్లి షామియానాలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ మోకాలు చూసి నొసలు కొట్టుకుంది.

"చిప్ప ముక్కలైందండీ. నొప్పి తెలిసుంటే అక్కడే ఆపేసేవారు. సరే, గీత దాటాక పందెం ముగిసినట్టే, కుర్చీల దగ్గర స్విచ్‌లు పనిచెయ్యవు. మీ బెల్టు మీద మీరే బొటనవేలు పెట్టాలి, అప్పుడు నొప్పి మీకొస్తుంది. అలా కాకుండా బెల్టు ఊడదీస్తే ఇద్దరికీ నరాలు దెబ్బతింటాయి. త్వరగా పెట్టండి, ఆవిడ తట్టుకోలేకపోతోంది."

"మత్తు ఇంజెక్షన్?"

"అంబులెన్స్ ప్రిన్సిపాల్ గారిని తీసుకుని కిందకి పోయింది. తిరిగొచ్చేసరికి గంట పడుతుంది."

ఎదురుగా పావని రెండు చేతులతో తన కుడి మోకాలు పట్టుకుని వణుకుతోంది. ఆ మోకాలికి ఏమీ కాలేదు. మొగుణ్ణి చూడగానే మొహం వెలిగింది. "మావారొచ్చేశారు. ఇంక ఫరవాలేదు," అంది ప్రిన్సిపాల్ గారి భార్యతో.

కూర్మనాథ్ బొటనవేలు పైకెత్తాడు. తారు రోడ్డు మీద దొర్లిన ప్రిన్సిపాల్ కళ్లముందు మెదిలాడు. వేలు మళ్లీ కిందకి దించాడు.

"గంటే కదా డాక్టరుగారూ? అంబులెన్స్ రానివ్వండి. ఆవిడ ఎలాగూ ఓర్చుకుంటోంది కదా!"

ఆ బెల్టు ఎండలో, వానలో, కరెంటు పోయినప్పుడు ఎలా పనిచేస్తుందో డాక్టరమ్మ అన్నీ చూసుకుంది. మనిషి తన నొప్పి తాను పుచ్చుకోనంటాడని మాత్రం ఆవిడకి తోచలేదు. బలవంతంగా వేలు పెట్టిద్దామంటే, ఇష్టపడి పెట్టిన వేలునే ఒప్పుకునేలా దాన్ని తయారుచేసింది తనే.

పావని మొగుడి వంక, అతను దించేసిన వేలి వంక చూసింది.

"డాక్టరుగారూ, ఈ కుర్చీ కాస్త అటు తిప్పించండి," అంది.

తిప్పారు. ఇంతలో కప్పు వచ్చింది, ఫొటోలవాళ్లూ వచ్చారు. కూర్మనాథ్ కప్పు రెండు చేతులా పైకెత్తి హాయిగా నవ్వాడు. కింద ఎవరో అతని మోకాలికి బిగించి కట్టు కడుతుంటే, అటు తిరిగిన కుర్చీలోంచి కేక వినబడింది.