ముర్రా 418

పదేళ్ళ గూఢచారి సర్వీసులో విజయేందర్ కట్టని వేషం లేదు. దుబాయ్‌లో వంటవాడు, కాగజ్‌నగర్ మిల్లు గేటు ముందు చాయ్ అమ్మేవాడు, ఒకసారి ఏకంగా పెళ్ళికొడుకు. బర్రెలకు సూది వేసే మనిషి వేషం మాత్రం ఇదే మొదలు.

ఉదయం తొమ్మిదిన్నరకు కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట మీద చీఫ్ శ్యాంసుందర్ పల్లీల పొట్లం విప్పాడు. పల్లీలు అయిపోయేలోగా బ్రీఫింగ్ ముగియడం ఆయన పద్ధతి.

"డాక్టర్ శ్యామల ఎరుకే గదా?"

"మా అక్కకు మందు తయారుచేస్తున్న సైంటిస్టు."

"మందు గాదు. మీ అక్క రక్తంలకెల్లి కణాలు తీసి, వాటి జీన్లల్ల ఓ కొత్త ముక్క అతికిచ్చింది. అవి మళ్ళ ఒంట్లకు పోయి లింఫోమా క్యాన్సర్‌ను ఏరేరి చంపుతయ్. నిన్న పగటీలి ఎవడో టెక్నీషియన్ లెక్క ల్యాబుకొచ్చి కణాల ట్యాంకు ఎత్తుకపోయిండు. ఆర్కిడ్ గ్యాంగోడు. ఆ జీను ముక్క వాళ్ళ చేతుల పడితే పేటెంటు వాళ్ళది, రేటు వాళ్ళది."

విజయేందర్ బైకు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"గది ఖాళీ ట్యాంకే తియ్," అన్నాడు చీఫ్, పల్లీ నోట్లో వేసుకుంటూ. "శ్యామలకు ముందే అనుమానమొచ్చింది. కణాలను దున్నపోతు వీర్యం నింపే సన్నటి గొట్టాలల్ల నింపి, లక్సెట్టిపేటల వాళ్ళ మేనమామ క్యానుల దాచింది. హనుమండ్లు అని, ఊరూరు తిరిగి బర్లకు ఎద సూది వేస్తడు. వాని క్యానుల గూడ లిక్విడ్ నైట్రోజనే. మైనస్ నూట తొంబై ఆరు డిగ్రీలు. ఏ గూఢచారి పోయి బర్రె కొట్టంల ఎతుకుతడు?"

"గుర్తు?"

"గొట్టాల మీద ముర్రా 418 అని ఉంటది. ముర్రా జాతిల ఓ అసలు దున్న నంబరే వేసింది, ఎవ్వలకు డౌటు రావద్దని. నాలుగింటికల్లా కణాలు దవాఖానల ఉండాలె."

ఎందుకో విజయేందర్‌కు చెప్పక్కర్లేదు. మూడు రోజుల కీమోతో అక్క బాలలక్ష్మి ఒంట్లోని రక్షణ కణాలన్నిటినీ తుడిచేశారు. ఇప్పుడు ఆమెకు జలుబు చేసినా ప్రమాదమే. మళ్ళీ తీసి తయారుచేద్దామంటే తీయడానికి ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఆ గొట్టాలు పోతే అక్క పోయినట్టే.

"అక్కడ రోజారాణి కలుస్తది. రెండేండ్ల సంది ఆర్కిడ్‌ల మన మనిషి. వెటర్నరీ డిగ్రీ ఉన్నది, నాలుగేండ్లు పశువుల దవాఖానల చేసింది. గందుకే ఆమెను వేసిన." చీఫ్ జేబులోంచి పెన్ను తీశాడు. "నొక్కితే బుల్లెట్."

"పోయినసారిది పేలలే సార్."

"గిది రాస్తది గూడ."

*

పన్నెండున్నరకు లక్సెట్టిపేట చేరేలోగా విజయేందర్ ఆసుపత్రికి ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఏడోసారి నర్సు తిట్టి పెట్టేసింది.

హనుమండ్లు ఇంటి ముందు రేకుల నీడలో గోనెసంచులు చుట్టిన క్యాన్లు రెండున్నాయి, అచ్చు కవలల్లా. ఆయన ఒక క్యాను మూత తీసి స్కేలు ముంచి, పైకి లాగి, గాలిలో ఊపాడు. మంచు ఎంతవరకు పట్టిందో చూసి మూతి విరిచాడు.

"రెండు ఇంచులే. గీ వారం నైట్రోజన్ బండి రాలే. ఎండకు ఆవిరైతున్నది. జల్ది ఎల్లాలె నువ్వు."

అప్పుడే తెల్లకారు వచ్చి ఆగింది. నల్ల కళ్ళద్దాలు, గంధం రంగు చీర, మెడలో స్టెతస్కోపు. రోజారాణి దిగిన తీరుకు ఎదురింటి బర్రె కూడా నెమరు ఆపింది.

"ముర్రా ఉన్నదా?"

"ఉన్నది గని, కొమ్ములు తిరగలే," అన్నాడు విజయేందర్. కోడ్ సరిపోయింది. ఆమె యాస కూడా ఎక్కడా తప్పలేదు.

ఇంతలో పక్కింటి భూమవ్వ కొంగు బిగించుకుంటూ ఉరికొచ్చింది. మెడలో స్టెతస్కోపు చూసి ఆమె ముఖం విప్పారింది.

"డాక్టరమ్మా, దేవునోలె వచ్చినవ్ బిడ్డా! నా బర్రె పొద్దటి సంది తీగేస్తుంది. జర సూడు."

రోజారాణి కళ్ళద్దాలు తీసి జాలిగా చూసింది. "అయ్యో! తీగనా? ఎంత పొడుగుదవ్వా, మింగిందా? ఎక్స్‌రే తియ్యాలె."

భూమవ్వ నోరు తెరిచింది, మూయలేదు.

ఎదకొచ్చిన బర్రె వెనక నుంచి జారే జిగటను తీగ అంటారని ఆ జిల్లాలో పాలు పితికే ప్రతి మనిషికీ తెలుసు. అక్క ఇంట్లో పెరిగిన విజయేందర్‌కూ తెలుసు. పశువుల డాక్టరుకు అది ఓనమాలతో సమానం. డిగ్రీ అబద్ధమైతే ఫైలంతా అబద్ధమే. ట్యాంకు సంగతి ఆర్కిడ్‌కు ఎవరు చేరవేశారో అతనికి ఇక వేరే చెప్పాల్సిన పనిలేదు.

హనుమండ్లు ముఖంలో మాత్రం ఏమీ కదల్లేదు. "అవునమ్మా, మింగినట్టే ఉన్నది. నేను పోయి బర్రెను కట్టేస్త, మీరు నిమ్మలంగ రాండ్రి," అని ఒక క్యాను భుజానికెత్తుకుని భూమవ్వ వెంట నడిచాడు.

ఏ క్యాను? విజయేందర్ చూసుకోలేదు. తిరిగేసరికి రోజారాణి పైట చాటు నుంచి చిన్న పిస్తోలు అతని వైపే చూస్తోంది.

"ముసలాయన పోవుడు మంచిగైంది. నంబరు చెప్పు."

అబద్ధమాడదామనుకున్నాడు. కానీ తప్పు నంబరు ఈ క్యానులో దొరక్కపోతే ఆమె పిస్తోలుతో హనుమండ్లు వెంటపడుతుంది. "నాలుగు వందల పద్దెనిమిది," అంటూనే పెన్ను తీసి నొక్కాడు. ఆమె చీర మీద సిరా చుక్క పడింది.

"మీ ఆఫీసు ఎప్పుడూ గింతే," అని నవ్వి, క్యాను మూత తీసింది. తెల్లటి పొగలోంచి గొట్టాలు పైకొచ్చాయి. ముర్రా 418.

ఆమె అతణ్ణి బర్రెలను నిలబెట్టే బోనులోకి తోసి గొలుసు వేసింది. "కాగజ్‌నగర్ల రైలెక్కి బల్లార్షా దాటుత. మీ అక్కకు నా నమస్తే చెప్పు." కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

అతని అరుపులకు హనుమండ్లు వచ్చాడు, భుజం దాకా ప్లాస్టిక్ తొడుగుతో.

"మామా, గామె క్యాను తీస్కపోయింది! నువ్వేం చేస్తున్నవ్?"

"బర్రెకు సూది ఏసిన."

"ఏ నంబరు?"

"418. మంచి దున్న."

విజయేందర్ బోనులోనే కూలబడ్డాడు. అక్క ప్రాణంలో సగం కాగజ్‌నగర్ దారిలో పోతోంది, సగం భూమవ్వ బర్రెలోకి పోయింది.

"అరె, పరేషాన్ గాకు," అన్నాడు హనుమండ్లు గొలుసు విప్పుతూ. "మా కోడలు శ్యామలవన్ని నా దగ్గరి క్యానులనే ఉన్నయ్, పసుపు దారం కట్టి. నేను బర్రెకు ఏసింది దారం లేనిది. గామె తీస్కపోయినయన్ని అసలు దున్నయి. తీగంటె తెల్వని డాక్టరుకు నా కోడలి కష్టం ఇస్తనా?"

విజయేందర్ ఆ తొడుగు చేతిని కూడా లెక్కచేయకుండా ఆయన్ను కావలించుకున్నాడు.

*

బైకు వెనక హనుమండ్లు, ఆయన ఒళ్ళో క్యాను. రాయపట్నం వంతెన మీద స్కేలు ముంచితే మంచు ఒక ఇంచు. కరీంనగర్ పొలిమేరలో పెళ్ళి బరాత్ అడ్డమొచ్చింది. విజయేందర్ హారన్ మీద చెయ్యి తీయకుండా డప్పుల మధ్య నుంచి దూరాడు. పెళ్ళివాళ్ళు అతణ్ణి ఏమేం అన్నారో ఇక్కడ రాయడం బాగుండదు.

నాలుగుకు ఇంకా పది నిమిషాలుండగా శ్యామల స్వయంగా స్కేలు ముంచింది. అడుగున వేలి గోరంత తెలుపు. ఆమె పసుపు దారాలను లెక్కపెట్టి, కళ్ళు తుడుచుకుని, గొట్టాలను గోరువెచ్చటి నీళ్ళలో వేసింది. సరిగ్గా నాలుగుకు మొదటి చుక్క బాలలక్ష్మి చేతిలోకి దిగింది.

మాస్కు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి అక్క నీరసంగా చూసింది. "ఏందిరా తమ్మీ, బర్ల వాసన వస్తున్నవ్?"

"ఆఫీసు పనే అక్కా," అన్నాడు.

నెల గడిచింది. అక్క మెడ మీది గడ్డ తడిమినా చేతికి అందడం లేదు. చీఫ్ రోజారాణిని బల్లార్షాలో పట్టుకోగలిగీ పట్టుకోలేదు. ఎందుకని అడిగితే మానేరు కట్ట మీద ఒక మెసేజ్ చూపించాడు. ఆర్కిడ్ ల్యాబు నుంచి చిక్కిన మెసేజ్ అది: "మనిషికి నలభై ఆరు క్రోమోజోములు ఉండాలి. ఈ కణాల్లో ఇరవై ఐదే ఉన్నాయి. తోక కూడా ఉంది. ఇదే ఆమె కనిపెట్టిన రహస్యమా? ఇరవై మంది సైంటిస్టులను పెట్టి పరిశోధిస్తున్నాం."

ఈ సంగతి విజయేందర్ ఫోన్లో చెబితే హనుమండ్లు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"పరిశోధన గిరిశోధన ఎందుకు, ఎద దాటకముందే సూది ఏసుకొమ్మను. భూమవ్వ బర్రె అయితే ఇప్పటిదాక మళ్ళ తీగేయలే, సూడి కట్టినట్టే."