చెట్టు సార్ ప్రాక్టికల్స్

"అందరూ కళ్ళు మూసుకోండి. మీరొక చెట్టు అనుకోండి."

ఆ మాట అన్నది నేనే. అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆ తర్వాత ఏడాదంతా అనుకున్నాను.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. భోజనాల గదిలో పాతికమంది ఆడవాళ్ళు లంచ్ బాక్సులు ఒళ్ళో పెట్టుకుని నన్ను వింతగా చూస్తున్నారు. ఒక్కళ్ళూ కళ్ళు మూసుకోలేదు. వెనక వరసలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఇస్త్రీ సెక్షన్ ఇన్‌చార్జి అట. వయసు నా అంతే ఉంటుంది, చూపు మాత్రం హెడ్మాస్టరుది.

"సార్, ఈ చెట్టుకి లంచ్ టైం ఎంతసేపండీ?"

"అంటే?"

"మాకు అరగంట. అందులో పది నిమిషాలు మీ పరిచయానికే పోయింది. చెట్టయ్యాక అన్నం తినొచ్చో లేదో చెప్తే, దాన్నిబట్టి కళ్ళు మూసుకుంటాం."

గదంతా గొల్లుమంది. ఆ రోజునుంచి నా పేరు చెట్టు సార్. నేనూ ఊరుకోలేదు. మనసులో ఆవిడకి ఇస్త్రీపెట్టె అని పేరు పెట్టేశాను. పైకి అనే ధైర్యం లేదు.

నేను చదివేది ఎం.ఏ. సామాజిక ప్రదర్శన కళలు. అంటే ఏంటని ఎవరైనా అడిగితే మా క్లాసులో పదకొండుమందిమీ పదకొండు రకాలుగా చెప్పేవాళ్ళం. మా గైడ్ గారు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేవారు. సగం కళ్ళు మూసి, మఫ్లర్ సర్దుకుని, "గొంతు లేనివాళ్ళకి గొంతు ఇవ్వడం" అనేవారు. ఆయన ఎవరికి ఎప్పుడు గొంతు ఇచ్చారో తెలీదు గానీ, క్లాసులో మా గొంతు మాత్రం లేవనిచ్చేవారు కాదు.

చివరి ఏడాది ప్రాక్టికల్స్ ఏంటంటే, ఎవరైనా కష్టపడేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళతోనే వాళ్ళ జీవితం మీద నాటకం వేయించాలి. వాళ్ళు వెయ్యకపోతే నేను ఫెయిల్. ఫెయిలైతే బాబాయి పెయింట్ల షాపులో కూర్చోవాలి. ఇది నాన్న పెట్టిన షరతు.

నాన్న రంపం మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకి మాటలు తక్కువ. నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెడతాడు. ఎందుకింత ఆలస్యం అని అడగాలంటే మణికట్టు మీద వేలితో కొడతాడు. అమ్మ కూడా చేత్తోనే జవాబిస్తుంది. ఇదేం మనుషులు, నోరు తెరిచి మాట్లాడుకోలేరా అని నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలోనే 'మనుషుల మధ్య సంభాషణ' అని నలభై పేజీల వ్యాసం రాసి ఎ గ్రేడ్ తెచ్చుకున్నాను.

సరే, లాండ్రీ సంగతి. మొదటి వారంలో ఒకరోజు మిషన్ల హాల్లో గంటసేపు నిలబడ్డాను. పాతికమందిలో ఒక్కళ్ళ నోరూ పెగల్లేదు. వెంటనే నోట్స్ రాసుకున్నాను: "వీళ్ళ మాటల్ని యంత్రాలు మింగేశాయి. శూన్యంలో దేన్నో వెతుకుతున్న చేతులు." నా వాక్యానికి నాకే కన్నీళ్ళొచ్చాయి. గైడ్ గారికి ఇంకా ఎక్కువొచ్చాయి.

"ఇదయ్యా టాపిక్ అంటే! నాటకం పేరు 'మౌనం'. రాసెయ్!"

మరి భోజనాల గదిలో వాళ్ళు గలగలా మాట్లాడుతూనే ఉంటారు కదా అని మీరడగొచ్చు. అడగండి, నాకు బుద్ధి లేదు. పైపై మాటలు దాటి లోపలి మౌనం వినమని గైడ్ గారు చెప్పారు. నేను శ్రద్ధగా లోపలి మౌనం విన్నాను.

రెండు నెలలు తంటాలు పడి స్క్రిప్టు రాసి తీసుకెళ్ళాను. ఇస్త్రీ ఇన్‌చార్జి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో నా డైలాగు ఏదండీ?"

"మీకు డైలాగ్ ఉండదు. మీరు మౌనానికి ప్రతీక."

"మరి పెద్దమ్మకి?"

పెద్దమ్మ అంటే వాషింగ్ మిషన్ల దగ్గర పనిచేసే పెద్దావిడ. అందరికీ పెద్దమ్మే.

"ఆవిడా మౌనమే. చివర్లో ఒక కేక ఉంది."

"కేకెందుకయ్యా?" అంది పెద్దమ్మ.

"ఇన్నేళ్ళు అణచుకున్న బాధ బయటికొస్తుందండీ."

"నాకు బాధొస్తే అప్పటికప్పుడే అరుస్తాను నాయనా. ఇన్నేళ్ళు ఎవరాగుతారు?"

ఇన్‌చార్జి స్క్రిప్టు మూసేసింది. "మేం పనిలో మాట్లాడుకోం అని ఎవరు చెప్పారు మీకు?"

"కళ్ళారా చూశాను."

"ఏం చూశారో నేను చూపిస్తాను రండి."

హాలు తలుపు దగ్గర నిలబెట్టింది. లోపల మిషన్ల మోతకి పళ్ళు కూడా వణుకుతున్నాయి. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి ఒక్కొక్కటే అరిచి చెప్పింది. రెండు వేళ్ళతో చెవి పట్టుకుంటే మేనేజరొస్తున్నాడని. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపిస్తే ఇంటికని. అరచేతి మీద అరచెయ్యి రెండుసార్లు వేస్తే, తర్వాత చెప్తానని. అదిగో, పెద్దమ్మ తన మనవరాలి లెక్కల మార్కులు రెండో మిషన్ అమ్మాయికి చెప్తోంది. రెండో మిషన్ అమ్మాయి వాటిని మూడో మిషన్‌కి మోస్తోంది. శూన్యంలో వెతుకుతున్న చేతులట! ఆ చేతులు ఊరందరి గుట్టూ మాట్లాడుకుంటున్నాయి.

ఇంతలో అందరూ మావైపు చూసి, రెండు చేతులూ కొమ్మల్లా పైకెత్తి వేళ్ళు ఆడించారు.

"అదేంటి?" అని అరిచాను.

"మీరే!" అని అరిచింది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అంత అవమానంలోనూ, ఆమె అరిచిన ఆ చెవి సాయంత్రం దాకా వెచ్చగానే ఉంది.

పరుగెత్తుకెళ్ళి గైడ్ గారికి చెప్పాను. ఆయన మఫ్లర్ విప్పి మళ్ళీ చుట్టుకున్నారు.

"వాళ్ళు మాట్లాడుకుంటారా అని నిన్నెవరడిగారయ్యా? వాళ్ళకి మాట్లాడటం వస్తే ఇక మన కోర్సెందుకు? ప్రపోజల్ పాసైంది. మౌనం మౌనంగానే ఉండాలి."

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎదురు తిరగలేదు. మర్నాడు భోజనాల గదికెళ్ళి, ఈ ఒక్కసారికి సర్దుకుపొమ్మని బతిమాలాను.

"మీ మార్కుల కోసం మేం మూగవాళ్ళమవ్వాలా?" అంది ఇన్‌చార్జి. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నటనేగా మేడం..."

"అయితే మీరే నటించండి. ఇన్నాళ్ళూ నవ్వుకోవడానికి వచ్చాం. ఇప్పుడు నవ్వు రావట్లేదు."

ఆమె లంచ్ బాక్సు తీసుకుని లేచింది. ఆమె వెనకే పాతికమందీ లేచారు. పెద్దమ్మ కూడా లేచింది. నేనూ, నా మౌనమూ మిగిలాం.

వారం రోజులు ఇంట్లో గోడలు చూస్తూ పడుకున్నాను. పెయింట్ల షాపు గుర్తొచ్చి భయమేసిన మాట నిజమే. కానీ దానికంటే 'ఇప్పుడు నవ్వు రావట్లేదు' అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఎనిమిదో రోజు పొద్దున్నే లాండ్రీ గేటు దగ్గర నిలబడ్డాను.

"సారీ చెప్పడానికొచ్చాను."

"ఇక్కడ కాదు. లోపల, హాల్లో చెప్పండి. అందరికీ."

"లోపల వినబడదుగా?"

"చేత్తో చెప్పండి. రాకపోతే నేర్చుకోండి. ఎం.ఏ. చదువుతున్నారుగా!"

అలా రోజూ పొద్దున షిఫ్టులో నాకు ఆమెతో జోడీగా దుప్పట్లు మడిచే పని పడింది. పెద్ద దుప్పటి మడవడం ఇద్దరి పని. చెరో చివర పట్టుకుని, గట్టిగా లాగి, నడుచుకుంటూ ఎదురొచ్చి అంచులు కలపాలి. కలిపిన ప్రతిసారీ ఆమె మొహం జానెడు దూరంలో ఉండేది. నేను పదిసార్లు అంచులు వంకరగా కలిపాను.

"మడత నా మొహంలో లేదండీ," అంది టీ టైంలో. "దుప్పట్లో ఉంది."

మడిచిన దుప్పటి ఎవరి చేతిలోంచి కిందపడితే వాళ్ళే మళ్ళీ ఉతికించి మడవాలి. అది అక్కడి రూలు. అందుకే సారీకి వాళ్ళ సైగ కూడా అదే: చెయ్యి కిందికి జారవిడిచి, మళ్ళీ ఎత్తి మడిచినట్టు చూపించాలి. తప్పు నాదే, నేనే మళ్ళీ మడుస్తాను అని. మూడో వారంలో హాలు మధ్యలో నిలబడి చెప్పాను. పాతికమందీ పని ఆపి చూశారు. పెద్దమ్మ అరచెయ్యి గుండెమీద ఆనించింది. మడత బాగుంటే అలా చేస్తారు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. గేటు రేకు కింద ఇద్దరం ఇరుక్కున్నాం.

"దీని మీద కూడా ఏమైనా రాస్తారా? ఆకాశం మౌనంగా ఏడుస్తోందని?"

"మీరు జన్మలో మర్చిపోరా?"

"మర్చిపోవడానికి అంత మంచి జోకు మళ్ళీ దొరుకుతుందా?"

వాన చినుకు ఆమె కనురెప్పమీద ఆగింది. నేను దాన్ని చూస్తుంటే ఆమె నన్ను చూసి, తల అటు తిప్పుకుని నవ్వింది. ఇక నా పని అయిపోయింది.

'మౌనం' చింపేశాను. మిషన్లు నడుస్తుండగా హాల్లోనే, వాళ్ళ సైగలతోనే నాటకం అన్నాను. పాతికమందీ సరేనన్నారు. గైడ్ గారు ఫెయిల్ చేస్తానన్నారు. సరే చెయ్యండన్నాను.

నాటకంలో చివరి సైగలు నావి. వారం రోజులు ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. నాన్న వరండాలోంచి రెండుసార్లు తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ప్రదర్శన రోజు గైడ్ గారూ, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరూ దుప్పట్ల దొంతరల మధ్య కుర్చీల్లో కూర్చున్నారు. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మిషన్లు మోగాయి. పాతికమందీ మొదలుపెట్టారు. మేనేజరు నడక, పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి, మనవరాలి లెక్కలు, నా చెట్టు, నా 'మౌనం', అన్నీ వచ్చాయి. ఎగ్జామినరు ఏదో అడగబోయి నోరు తెరిచి, మాట వినబడక మూసుకున్నారు. గైడ్ గారూ తెరిచి మూసుకున్నారు. ఆ హాల్లో గొంతు లేనివాళ్ళు ఆ ఇద్దరే.

అంతేకాదు, ఇంకో విచిత్రం జరిగింది. సరిగ్గా నవ్వాల్సినచోటల్లా గోడ దగ్గర ఒక మనిషి పగలబడి నవ్వుతున్నాడు. మా నాన్న! పెద్దమ్మ మోకాళ్ళ సీనుకి తన నడుం చూపించి ఏదో సైగ చేశాడు కూడా. ఆవిడ తిరిగి జవాబిచ్చింది.

చివర్లో నేను మధ్యకొచ్చాను. చేతులు కొమ్మల్లా ఎత్తాను, అంటే నేను. పిడికిలి ముందుకు తోశాను, అంటే ఇస్త్రీ, అంటే ఆమె. చెరో అంచూ పట్టుకుని దగ్గరికొచ్చినట్టు చూపించాను. బొటనవేలు భుజం మీదుగా, ఇంటికి. తర్వాత చేతులు చాచి ఆమె ముందు నిలబడ్డాను.

పాతికమందీ నోళ్ళు తెరిచి కేకలేస్తున్నారు, ఒక్కటీ వినబడట్లేదు. ఆమె మొహం ఎర్రబడింది. అరచేతి మీద అరచెయ్యి రెండుసార్లు వేసింది. తర్వాత.

బయటికొచ్చాక గైడ్ గారు విరుచుకుపడ్డారు. "వీళ్ళు ఒక్క ముక్కా మాట్లాడలేదే!"

"ఇంతసేపూ మాట్లాడుతూనే ఉన్నామండీ," అంది ఇన్‌చార్జి. "ఈయనకి మూణ్ణెల్లు పట్టింది. మీకు ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు, మీరు బాగా చదువుకున్నారు."

నేను నాన్న దగ్గరికెళ్ళాను. "నీకెలా అర్థమైంది నాన్నా?"

"రంపం మిల్లులో ముప్పై ఏళ్ళు నోటితో మాట్లాడాననుకున్నావా? మిల్లు వేరైతే ఏం, మోత ఒకటే. సగం సైగలు అవే."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"రోజూ చెప్తూనే ఉన్నాను. నువ్వెప్పుడు చూశావురా?"

ఇన్నేళ్ళుగా నాన్న మాట్లాడడని చిరాకుపడింది నేను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ పిల్ల తర్వాత అంది. కాదనలేదుగా. వారం నుంచి అద్దానికి చెప్తున్నావు, ఇంకొన్నాళ్ళు ఆగలేవా?"

పది రోజుల్లో రిపోర్టొచ్చింది. 'సమూహానికి గొంతు ఇవ్వడంలో విద్యార్థి పూర్తిగా విఫలమయ్యాడు. ఏడాది తిరిగి చెయ్యవలెను.' నాన్న చదివి, "షాపు ఎక్కడికీ పోదు. మళ్ళీ రాయి," అన్నాడు.

రిపోర్టు తీసుకెళ్ళి హాలు తలుపు దగ్గర ఆమె చేతిలో పెట్టాను. చదువుతూ నవ్వింది, నవ్వుతూ చెయ్యి కిందికి జారవిడిచి, మళ్ళీ ఎత్తి మడిచి చూపించింది.

"కిందపడింది. మళ్ళీ మడవాలి. ఇంకో ఏడాది ఇక్కడికే రావాలన్నమాట."

"జాలిపడుతున్నారా?"

"మీ మీదా? నా మీద నేనే జాలిపడుతున్నాను. ఇంకో ఏడాది మీ వంకర మడతలు ఎవరు సరిచెయ్యాలి?"

అంటూనే లోపలికెళ్ళిపోయింది. హాలు మధ్యకెళ్ళి ఇటు తిరిగింది. పిడికిలి ముందుకు తోసింది. చేతులు కొమ్మల్లా ఎత్తింది. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించింది. ఆఖర్న అరచెయ్యి గుండెమీద ఆనించింది.

నేను జవాబు చెప్పేలోపే ఆ కబురు మిషన్లన్నీ దాటి పెద్దమ్మ దాకా వెళ్ళి, పెళ్ళెప్పుడని అడుగుతూ తిరిగొచ్చింది.