మేడమీద యోగా టీచరు

అమలాపురంలో వెంకటకృష్ణ రొయ్యల చెరువులకి వేసే ఆక్వా మందుల షాపు పెట్టిన చోటు చాలా ప్రశాంతమైనది. ఎంత ప్రశాంతమంటే, మధ్యాహ్నం పూట ఈగలు కూడా లోపలికొచ్చి కాసేపు కునుకు తీసి వెళ్ళేవి. శ్రావణమాసంలో ఒక ఉదయం ఆ ప్రశాంతతకి కాలం చెల్లింది. ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉన్న మేడమీద హాల్లోంచి డప్పుల మోత మొదలైంది. అద్దాల బీరువాలో ప్రోబయాటిక్ సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

వెంకటకృష్ణ ఓర్పు గల మనిషి. ఒక సీసా కిందపడి పగిలేదాకా ఓర్చుకున్నాడు. అందులో ఉన్నది చెరువుకి మేలు చేసే బాక్టీరియా అని సీసా మీద రాసి ఉంటుంది. వాసన మాత్రం ఆ మాట ఒప్పుకోదు. ముక్కు మూసుకుని మేడెక్కాడు.

తలుపు తీసిన అమ్మాయి నడుముకి ఎర్రటి గుడ్డ కట్టుకుంది. దాని చుట్టూ వరసలు వరసలుగా బిళ్ళలు. ఆమె కదలకుండా నిలబడినా అవి గలగలమంటూనే ఉన్నాయి.

"మగాళ్ళకి బ్యాచ్ లేదండి," అందామె.

"నేను చేరడానికి రాలేదండి."

"చూడ్డానికైతే అసలే లేదండి." తలుపు సగం మూసింది.

"ఆగండి మేడం! కింద షాపు నాది. మీరు గెంతుతుంటే నా సీసాలు పగిలిపోతున్నాయి."

"గెంతడం కాదండి, బెల్లీ డాన్స్. ఇందులో పనంతా నడుముది. పాదాలు బుద్ధిగా నేల మీదే ఉంటాయి. సీసాలు ఎందుకు పడ్డాయో మీ బీరువాని అడగండి."

"అంటే... నాగిని డాన్స్ లాంటిదాండి?"

ఆ అమ్మాయి పేరు నాగమణి. ఈ ప్రశ్న తనని అడగని మనిషి జిల్లాలో ఎవరూ మిగల్లేదనుకుంది. ఒకడు మిగిలాడు.

"ఆయ్, అదేనండి. రేపు పుట్ట కూడా తెప్పిస్తున్నానండి. పాలు మీరు పోద్దురుగాని," అని తలుపు మూసేసింది.

మర్నాడు ఆమె స్పీకరు కింద పాత పరుపు వేసింది. అతను బీరువాని గోడకి బిగించాడు. ఈ సంగతి ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. చెబితే పోట్లాట ఆగిపోతుంది కదా.

నాగమణిది సఖినేటిపల్లి. వాళ్ళ నాన్న బంగారరాజు అక్కణ్ణించి గోదావరి మీద నర్సాపురానికి మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు నడిపే సరంగు. ఆమె బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే, బెల్లీ డాన్స్ క్లాసులో చేరింది. నడుము కుదుటపడింది. ఉద్యోగం మీద మనసు పోయింది. ఇంటికొచ్చి, అమలాపురంలో క్లాసు పెడతానంటే అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళ ఇళ్ళల్లోంచే ఆడవాళ్ళు వచ్చి చేరారు.

దసరా దాటేసరికి సీజన్ మొదలైంది. పొద్దున్న గృహిణుల బ్యాచ్, సాయంత్రం కాలేజీ పిల్లల బ్యాచ్, శనివారం రేవు దాటి నర్సాపురంలో ఇంకో బ్యాచ్. దిండి రిసార్టుల్లో సంగీత్‌లకి షోలు. అవి చాలవన్నట్టు, తను నేర్చుకోవడానికి హైదరాబాదులో వర్క్‌షాపులు. బస్సులో నిద్ర, ఆటోలో టిఫిను. నడుము తిప్పడమే పనిగా పెట్టుకున్న మనిషికి నడుము వాల్చే తీరిక లేదు.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. మెట్ల కింద నిలబడి ఆటో కోసం చూస్తున్న నాగమణి ముందు వెంకటకృష్ణ వ్యాను ఆగింది.

"సఖినేటిపల్లి వైపే మేత బస్తాలు వెయ్యాలండి. ఎక్కుతారా?"

"ఆ వాసనలోనా?"

"అలవాటైపోద్దండి."

"ఎవరికి అలవాటైంది?"

"రొయ్యలకండి."

నవ్వు దాచుకోవడానికి గొడుగు అడ్డం పెట్టుకుని ఎక్కింది. ఆ వ్యానుకి ఒక్క వైపరే పనిచేసేది, అదీ డ్రైవరు వైపుది. ఆమె వైపు అద్దం మీద గోదావరి పారుతోంది. దారి చూడాలంటే అతని వైపుకి తిరిగే చూడాలి. రెండో వైపరు బాగు చేయించమని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా వెంకటకృష్ణ ఆ సీజనంతా వినిపించుకోలేదు. వ్యాపారంలో ఖర్చులు చూసుకోవాలి మరి.

అలా అతనికి సఖినేటిపల్లిలో, రాజోలులో, దిండిలో ఉన్నట్టుండి బోలెడు బేరాలు పుట్టుకొచ్చాయి. చెరువుల్లేని చోట కూడా.

కార్తీకంలో దిండిలో ఒక పెద్ద సంగీత్. నాగమణి బట్టల బ్యాగు వానకి తడవకూడదని వెంకటకృష్ణ దాన్ని ఖాళీ మేత సంచిలో పెట్టి మూతి కట్టాడు. అతని తెలివి అంత ఎత్తుకి అంతకుముందెప్పుడూ వెళ్ళలేదు. దారి కాకపోయినా ముందు ఉప్పలగుప్తంలో ఒక చెరువు దగ్గర బస్తాలు దింపి, తర్వాత ఆమెను దిండిలో దింపి, అవతల ఇంకో చెరువుకి వెళ్ళాడు. అక్కడుండగా ఫోను మోగింది.

"కృష్ణగారూ, సంచిలో మినరల్స్ ఉన్నాయండి. మెగ్నీషియం, పొటాషియం. ఒంటికి మంచివేగానీ ఒంటిమీద వేసుకోడానికి కుదరట్లేదు."

సంచులు తారుమారయ్యాయని వెంకటకృష్ణకి అర్థమైంది. వ్యానుని వెనక్కి తిప్పి ఉప్పలగుప్తం చేరేసరికి, చెరువు గట్టు మీద రైతు పైడమ్మ చీర మీద బిళ్ళల పట్టీ కట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. 

"కృష్ణగారూ, ఈ మందు కొత్తగా వచ్చిందాండి? చెరువులో వెయ్యాలా, నడుముకి కట్టాలా?"

"పైడమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇచ్చెయ్యండి. అవతల ప్రోగ్రాం ఉంది."

"ఇస్తానుగానీ, ఇది నేర్పేవారు ఎక్కడుంటారో చెప్పండి ముందు."

నాగమణికి కొత్త స్టూడెంటు దొరికింది. వెంకటకృష్ణకి బ్యాగు దొరికింది. దిండికి వెళ్ళే దారిలో అతని తల్లి పార్వతి ఫోను చేసింది.

"ఎక్కడున్నావురా? వ్యానులో ఏదో గలగలమంటోంది?"

నిజం చెప్పడానికి మంచి అవకాశం. కానీ వెంకటకృష్ణకి తండ్రి సూర్యప్రకాశరావు మొహం గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరైనా ఈల వేస్తేనే మర్యాద పోయిందనుకునే మనిషాయన.

"మన షాపు మేడమీద యోగా టీచరున్నారమ్మా. ఆవిడ సామాను దింపుతున్నాను."

"పోన్లే, మంచి పని," అంది పార్వతి.

బ్యాగు చేరేసరికి ఆలస్యమై, అందరి తర్వాత, చిట్టచివర నాగమణి స్టేజీ ఎక్కింది. ఇన్నాళ్ళూ పైకప్పు మీద మోతగా విన్నదాన్ని వెంకటకృష్ణ మొదటిసారి కళ్ళతో చూశాడు. డప్పు వేగం పెరిగేకొద్దీ ఆమె భుజాలు, మొహం నిశ్చలంగా ఉన్నాయి. నడుము దగ్గర మాత్రం బిళ్ళలన్నీ వానచినుకుల్లా వణికాయి. అతనికి వెటకారం గుర్తు రాలేదు. చప్పట్లు కొట్టడం కూడా గుర్తు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆమే అడిగింది. "ఎలా ఉందండి?"

"బాగుందండి."

"ఒక్క మాటా! రొయ్య పిల్ల గురించైతే గంట చెప్తారు."

"ఇంకా చెప్పాలంటే వ్యాను ఆపాలండి."

నాగమణి బయటికి చూసింది. ఆ వైపు అద్దంలోంచి ఏమీ కనిపించదని ఇద్దరికీ తెలుసు.

"ఇవాళ వద్దులెండి," అంది నెమ్మదిగా. "ఇంకోసారి ఆపుదురుగాని."

ఆ ఇంకోసారి రావడానికి ముందే పార్వతి వచ్చింది. సోమవారం పొద్దున్నే కొత్త మ్యాటు చంకలో పెట్టుకుని మేడెక్కింది.

"యోగా నేర్పేది మీరేనా అమ్మా? మా కృష్ణ చెప్పేడు. నడుం నొప్పికి మంచిదంట కదా?"

నాగమణి నవ్వబోయి ఆగిపోయింది. "యోగా అని చెప్పేరాండి?"

"అవునమ్మా. కాదా?"

"కాదండి. దీన్ని బెల్లీ డాన్స్ అంటారు."

"అంటే?"

మాటల్లో చెప్పే ఓపిక లేక నాగమణి చేసి చూపించింది. పార్వతి నోరు తెరిచింది. మూసింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ నాగమణి నడుము వైపు చూసింది.

"అయితే దీనికి మ్యాటు అక్కర్లేదన్నమాట," అని దాన్ని గోడకి ఆనించి, కొంగు బొడ్లో దోపుకుంది.

క్లాసయ్యాక నాగమణి మెట్లు దిగింది. వెంకటకృష్ణ షట్టరు తీస్తున్నాడు.

"నమస్కారమండి. నేను యోగా టీచర్నండి," అంది.

అతని చెయ్యి షట్టరు మీదే ఉండిపోయింది. "అది... ఇంట్లో కంగారు పడతారని..."

"మీ అమ్మగారు పడలేదండి. చక్కగా నేర్చుకుని వెళ్ళేరు. కంగారు పడింది మీరు."

"మా నాన్నగారి సంగతి మీకు తెలీదండి."

"మీ సంగతి తెలిసింది కదండి, చాలు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, నా పని మాత్రం బస్తాలో పెట్టి మూతి కట్టేరు." ఆమె వెళ్ళబోయి మళ్ళీ ఇటు తిరిగింది. "ఊళ్ళో వాళ్ళు నాగిని అంటే నవ్వుకుంటానండి. వాళ్ళకి తెలీదు. మీరు చూశారు. చూసి కూడా..."

ఆ సాయంత్రమే చెన్నై వెళ్ళిపోయింది. అక్కడ కైరో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బెల్లీ డాన్స్ వర్క్‌షాపు ఉంది. అతని ఫోను ఎత్తకుండా ఉండటానికి అంతకన్నా గౌరవమైన కారణం దొరకదు.

షాపులో ప్రశాంతత తిరిగొచ్చింది. వెంకటకృష్ణ ఎంతో కోరుకున్న ప్రశాంతతే. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, బీరువాలో సీసాలు ఒక్కొక్కటే తీసి తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాడు. మూడు రోజులకి సీసాల మీద పేర్లు చెరిగిపోయాయి.

ఆ వారంలోనే కొత్తపేటలో చుట్టాల పెళ్ళి. భోజనాల బల్ల దగ్గర మేనత్త భవానీదేవి అతని పక్కనే కూర్చుంది. పెళ్ళికాని వాడి పక్కన మేనత్త ఊరికే కూర్చోదు.

"మంచి సంబంధం ఉందిరా కృష్ణా. లేక, నువ్వే ఎవర్నైనా చూసుకున్నావా?"

ఎదురుగా తండ్రి, ఆయన పక్కన తల్లి, చుట్టూ బంధువులంతా. వెంకటకృష్ణ గ్లాసుడు నీళ్ళు తాగాడు.

"చూసుకున్నానత్తా. నాగమణిగారని, సఖినేటిపల్లి. బెల్లీ డాన్స్ చేస్తారు. అదే నేర్పుతారు. ఆవిడ ఒప్పుకుంటే ఆవిణ్ణే చేసుకుంటాను."

సాంబారు బకెట్టు నడిదారిలో ఆగిపోయింది.

"ఏం డాన్సు?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"బెల్లీ డాన్సండి, నాన్నగారూ."

"తెలుగులో ఏమంటారు?"

"తెలుగులో కూడా అదేనండి."

ఆయన మొహం ఎర్రబడింది. నోరు విప్పబోయేలోపు పార్వతి అందుకుంది. "నేను నేర్చుకునేది కూడా ఆ అమ్మాయి దగ్గరే. అదేమిటో తెలియకుండా ఆ పిల్లని ఒక్క మాటన్నారంటే, లేచి ఇక్కడే చేసి చూపిస్తాను."

సూర్యప్రకాశరావు భార్యని చూశాడు. ఆమె అప్పటికే కొంగు సర్దుకుంటోంది.

"పెరుగు వడ్డించవయ్యా," అన్నాడు ఆయన, విస్తరిలోకి చూస్తూ.

తర్వాత కొన్నాళ్ళు ఆయన కొడుకుతో మాట్లాడలేదు. ఒక పొద్దున పేపరు చదువుతూ, పేపరుకే చెబుతున్నట్టు అన్నాడు: "ఆదివారం సఖినేటిపల్లి వెళ్ళాలి. ఆ కంపు వ్యాను మాత్రం వద్దు. కారు తియ్యమను."

నాగమణి చెన్నై నుంచి రైల్లో నర్సాపురంలో దిగుతుందని పార్వతే కొడుక్కి చెప్పింది. స్టూడెంటుకి టీచరు ఫోను ఎత్తుతుంది కదా. నాగమణి పంటు ఎక్కేసరికి మోటారుసైకిళ్ళ మధ్య వెంకటకృష్ణ నిలబడి ఉన్నాడు. పంటు కదిలింది. గోదావరి మధ్యలో దిగి వెళ్ళిపోవడం కుదరదు కాబట్టి ఆమె వినక తప్పలేదు.

"అందరికీ చెప్పేనండి. పెళ్ళిలో, మా నాన్నగారి ఎదురుగా. మీరేం చేస్తారో చెప్పేను. మీరంటే నాకిష్టమని కూడా చెప్పేను."

"మీ చుట్టాలందరికీ చెప్పి, ఆఖర్న నాకు చెబుతున్నారన్నమాట."

"వరస తప్పిందండి. మనిషన్నాక పొరపాటు జరుగుద్ది కదండి."

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. వెంటనే దాన్ని బిగబట్టింది. "అలా కాదండి. ఒక మనిషి చేసే పనిని దాచి, ఇంకేదో చెప్పడం నాకస్సలు..."

"అమ్మాయ్!" చుక్కాని దగ్గర్నుంచి బంగారరాజు కేకేశాడు. "ఈయనేనా మన డాక్టరుగారు?"

నాగమణి బిగుసుకుపోయింది. వెంకటకృష్ణ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక డాక్టరు ఎవరైనా ఉన్నారేమోనని.

"మిమ్మల్నేనండి! దీపావళి నుంచి మా ఇంట్లో ఇదే గోల. డాక్టరుగారు ఇలా అన్నారు, డాక్టరుగారు అలా నవ్వేరు. వ్యానులో తిరిగే డాక్టరేంటా అని నేనూ, మా ఆవిడా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాం."

వెంకటకృష్ణ నెమ్మదిగా నాగమణి వైపు తిరిగాడు. ఆమె గోదావరిని ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది.

"రొయ్యల డాక్టరనే చెప్పేనండి," అంది గొణుగుతూ. "ముందు మాట గాలికి కొట్టుకుపోయుంటుంది."

"దీపావళి నుంచాండి?"

"అదీ గాలి పనేనండి."

"బంగారరాజుగారూ, నేను రొయ్యల మందులు అమ్ముతానండి. మనుషుల వైద్యం రాదండి," అన్నాడు అతను గట్టిగా.

"అమ్మయ్య! డాక్టరుగారితో ఏం మాట్లాడాలా అని భయపడి చస్తున్నాను. రొయ్యల సంగతైతే నాకూ తెలుసు. ఆదివారం పెద్దవాళ్ళని తీసుకుని భోజనానికి రండి."

నాగమణి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చెవులు ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి చూసింది. అతను ఇంకా తననే చూస్తున్నాడు.

"ఇష్టమేనండి," అంది. "నాకూను. ఇప్పుడు గాలి లేదు, సరిగ్గా వినండి."

సఖినేటిపల్లి రేవొచ్చింది. మోటారుసైకిళ్ళు దిగాయి, మనుషులు దిగారు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎక్కడం మొదలెట్టారు. వాళ్ళిద్దరూ కమ్మీ పట్టుకుని నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు.

"ఏవండీ, మళ్ళీ నర్సాపురం వస్తారా ఏంటి?" అని అరిచాడు బంగారరాజు.

"ఆయ్," అన్నారు ఇద్దరూ.