కొక్కెం పెట్టిన పెట్టె

మా ముందుగదిలో కిటికీ కింద ఒక హార్మోనియం పెట్టె ఉంది. దుమ్ము పడకుండా పూలగుడ్డ కప్పి ఉంచుతాను. కొత్తగా వచ్చినవాళ్ళు కుట్టుమిషను అనుకుంటారు. అది నా భర్త గాబ్రియేలుది. ఆయన ఈ ఎండాకాలం మొదట్లోనే పోయినాడు.

ఆ పెట్టె ఎలా పలుకుతుందో ముందు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వెనక ఒక తిత్తి ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని మెల్లగా తోస్తూ ఉంటే లోపలికి గాలి పోతుంది. కుడిచేత్తో మెట్టు నొక్కితే ఆ గాలే స్వరమై బయటికొస్తుంది. తిత్తి తెరుచుకోకుండా పక్కన చిన్న ఇత్తడి కొక్కెం ఉంటుంది. కొక్కెం పెట్టి మెట్లు నొక్కితే స్వరం రాదు. టక్... టక్... అని చెక్క చప్పుడు మాత్రం వస్తుంది. అది కూడా దగ్గర కూర్చున్నవాళ్ళకే వినపడుతుంది.

ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు నింపేచోట పనిచేసి, రిటైరైన తర్వాత ఈ పెట్టె కొన్నాడు. సాయంత్రం నేను వంకాయలు తరుగుతుంటే ఆయన వాయించేవాడు. సాయంకాల ప్రార్థన పాట అంటే ఆయనకు ప్రాణం. రెండో చరణంలో పైకెక్కేచోట మాత్రం ఎప్పుడూ అర తాళం వెనకబడేవాడు. అయినా ఇంట్లో వెరపు లేకుండా, గొంతెత్తి పాడుతూ వాయించేవాడు.

మా ఏసయ్య గుడిలో అట్ల కాదు. అక్కడ లేవి వాయిస్తాడు. లేవి వరసకు మాకు అల్లుడు. పెళ్ళిళ్ళకూ సభలకూ రాయచోటి దాకా పిలిపించుకునే చెయ్యి అతనిది. తబలా మీద ఏసుబాబు. వాళ్ళిద్దరి పక్కన మా ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న ఈ పెట్టెనే రెండో పెట్టెగా పెట్టుకుని కూర్చునేవాడు. పాట మొదలయ్యేలోపల తువ్వాలుతో అరచేతులు ఎన్నిసార్లు తుడుచుకునేవాడో. అయినా మెట్లు తడిసేవి.

ఒక ఆదివారం ఆడవాళ్ళ చాపల్లో ముందు వరసలో కూర్చుని చూశాను. ఆయన వేళ్ళు చక్కగా కదులుతున్నాయి. ఎడమచెయ్యి తిత్తి మీదే ఉంది. తిత్తి మాత్రం కదలడం లేదు. కొక్కెం పెట్టే ఉంది.

ఇంటికొచ్చినాక అడిగాను. ఆయన చానాసేపు చెప్పులు విప్పుతున్నట్టే వంగి ఉన్నాడు.

"లేవి పక్కన నా తప్పు వినపడితే పాట చెడిపోతాదిమ్మే," అన్నాడు. "వచ్చే వారం గాలి వేస్తాలే."

ప్రతి వారం అదే మాట. లేవికి ఎప్పుడో తెలిసిపోయింది. "మామా, నీ పెట్టె శానా బుద్ధిమంతురాలు, నోరే తెరవదు," అని ఒకసారి నలుగురిలో అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం పడుకున్న మనిషి లేవలేదు. వాళ్ళ మధ్య ఒక్క స్వరమైనా వినిపించకుండానే పోయినాడు.

మా గుడి పాటగాళ్ళకు ఒక పద్ధతి ఉంది. వాళ్ళలో ఒకరు పోతే, జ్ఞాపకార్థ కూడిక నాడు ఆ మనిషి వాద్యం తెచ్చి అతని చోట్లోనే పెడతారు. దాని ముందర చాప ఖాళీగా వదులుతారు. ఎవరూ ముట్టుకోరు. మా ఆయన పెట్టెను నేనే పెట్టాను. కొక్కెం నా చేత్తోనే పెట్టాను. తువ్వాలు మడిచి దాని మీద ఉంచాను. లేస్తూ లేస్తూ నోరు ఊరుకోక, "ఈ పొద్దన్నా గాలి వెయ్యయ్యా," అని గొణిగాను.

పొద్దు గూకింది. బయట లారీల దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. నాపబండలు పగటి వేడిని వదులుతున్నాయి. లోపల కొవ్వొత్తుల వాసన, మల్లెపూల వాసన. ఆయన పాటే ఎత్తుకున్నారు. మొదటి చరణం సగంలో కరెంటు పోయింది. ఎవరో తలుపు తోయగానే గాలికి కొవ్వొత్తులు కూడా ఆరిపోయాయి. లేవి ఆపలేదు. చేయి తిరిగినవాళ్ళకు వెలుతురుతో పనేముంది.

అప్పుడు విన్నాను.

టక్... టక్... టక్...

నా ముందు నుంచే. ఆ చప్పుడు నాకు తెలుసు.

తర్వాత కొక్కెం ఊడిన చిన్న శబ్దం. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చినట్టు తిత్తి తెరుచుకుంది. రెండో పెట్టె పలికింది. సన్నగా... వణుకుతూ... లేవి వెనకాలే. రెండో చరణం వచ్చింది. పైకెక్కేచోట ఆ స్వరం అర తాళం వెనకబడింది.

నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. భయం ఇంకా రాలేదు.

ముందు ఏసుబాబు తబలా ఆగింది. తర్వాత లేవి ఆపేశాడు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. చీకట్లో ఆ ఒక్క పెట్టె మాత్రం కొంచెం దూరం వాయించింది. తన పక్కన ఎవరూ లేరని అప్పుడు తెలిసినట్టుంది... సగం స్వరంలో ఆగింది.

ఏసుబాబు సెల్‌ఫోను లైటు వేశాడు. చాప ఖాళీ. కొక్కెం ఊడి వేలాడుతోంది. తిత్తి మెల్లగా, ఆయాసపడే రొమ్ములాగా, మూసుకుంటోంది.

"ఆపద్దు లేవీ," అన్నాను. "మీరు ఆపితే ఆయన బయపడతాడు."

"అత్తా... నాతో కాదత్తా."

"ఒక్కసారి. ఆయన కోసం."

లేవి మళ్ళీ మొదలుపెట్టాడు. అంత వాయించే చెయ్యి, మెట్ల మీద జారింది. ఒక తప్పు స్వరం పలికింది, మళ్ళీ ఇంకొకటి. అతను చొక్కాకు అరచేతులు తుడుచుకోవడం ఆ లైటులో చూశాను. అందరం రెండో పెట్టె వైపే చూస్తున్నాం.

ఇత్తడి కొక్కెం మెల్లగా పైకి లేచింది. దాని చోట్లో అది పడింది.

టక్... టక్... టక్...

పాట అయిపోయేదాకా అంతే. స్వరం రాలేదు. ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న ధైర్యంతో ఒక్కసారి గాలి వేశాడు. మేమే ఆపేశాం.

తర్వాత పెట్టె తుడుస్తుంటే కొన్ని మెట్లు తడిగా తగిలాయి. తువ్వాలు మడత విప్పి ఉంది. లేవి ఆ తర్వాత మా గుడిలో వాయించలేదు. చేతులకు చెమట పడుతోందని చెప్పి పంపించాడు.

పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో అయితే ఆయనకు వెరపు లేదు కదా, వాయిస్తాడని. సాయంత్రం కొక్కెం తీసి, వంటింట్లో కత్తిపీట ముందర కూర్చుంటాను. పొద్దు గూకినాక పూలగుడ్డ కింద మొదలవుతుంది. కానీ చెక్క చప్పుడే. వెళ్ళి చూస్తే కొక్కెం పెట్టి ఉంటుంది. బతికుండగా ఈ ఇంట్లో ఆయన ఒక్కరోజు కూడా కొక్కెం పెట్టి వాయించలేదు.

నిన్న ఉండబట్టలేక వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పాను.

"బయపడద్దయ్యా. ఈడ నేను తప్ప ఎవురూ లేరు."

చప్పుడు ఆగింది.

ముందుగది అవతలి మూలనుంచి, చీకట్లో, ఎవరో నేలమీద అరచేత్తో తాళం వేయడం మొదలుపెట్టారు. మెల్లగా. ఎక్కడా అర తాళం కూడా తప్పకుండా. ఆయన కొక్కెం పెట్టుకునేది ఈ చేతికి వెరిచే.