తుపాకీ కర్రకు కుడిపక్కన చిల్లు

ఎస్టిల్ టాకెట్ కొట్టు పాత పోస్టాఫీసు పక్కనే. ముందు గదిలో గాలాలు, ఎర పురుగులు, రబ్బరు బూట్లు అమ్ముతాడు. తుపాకులు వెనక గదిలో. అక్టోబరు చివరి శనివారం మధ్యాహ్నం గేలన్ ప్రేటర్ ఆ వెనక గదిలో నిలబడి, సర్కారువారి కాగితం నింపి సంతకం పెట్టాడు. ఎస్టిల్ అందులోని వివరాలు ఫోన్లో చదివి వినిపించి, అవతలివాళ్లు సరేననేదాకా కాఫీ చప్పరిస్తూ కూర్చున్నాడు. పేరుకు పరీక్షే గాని, గేలన్‌ని ఆ వెస్ట్ వర్జీనియా కొండల్లో ఎరగనివాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసి మోకాళ్లు పోగొట్టుకున్నాడు. కోపం మాత్రం పోగొట్టుకోలేదు.

"సరేనన్నారు. ఇక నీదే," అని ఎస్టిల్ తుపాకీని బల్లమీద పెట్టాడు. "ఒక్కమాట విను. చూడ్డానికి ఇది యుద్ధంలో తుపాకీయే. కానీ మనలాంటివాళ్లకోసం కొత్తగా చేసింది. ఒక నొక్కుకి ఒకటే గుండు. పాతదానికి కుడిపక్కన తాళంచెవిలాంటిది ఉండేది. నొక్కి తిప్పితే ఇరవై గుళ్లూ ఒక్క ఊపిరిలో పోయేవి. దీనికది లేదు. పెడదామన్నా కుదరదు."

"నాకు తెలీదనుకున్నావా?"

"నీకు తెలియందేముంది? చెప్పడం నా ధర్మం, కసరడం నీ ధర్మం."

గేలన్ నవ్వలేదు. అతని అన్న డ్యూయీ వియత్నాంలో మోసింది ఇలాంటి తుపాకీనే. దాన్ని భుజాన వేసుకుని దిగిన ఫోటో ఒకటి ఇంటికి పంపాడు. ఫోటో వచ్చిన మూడో నెలలో చావు కబురు వచ్చింది. అప్పటికి డ్యూయీకి ఇరవై ఏళ్లు, గేలన్‌కి పన్నెండు. అన్నతో కలిసి పోరాడిన లాయల్ కూంబ్స్ ఏడాది తర్వాత ప్రాణాలతో తిరిగొచ్చి, వంటింట్లో కూర్చుని అమ్మకి చెప్పాడు. పాత తుపాకులన్నీ లాగేసుకుని కొత్తవి ఇచ్చారట. డ్యూయీ చేతిలోని కొత్తదానిలో పేలిన గుండు తొడుగు ఇరుక్కుపోయిందట. గొట్టంలో కమ్మీ దూర్చి పొడుస్తూ పొడుస్తూనే చచ్చిపోయాడట. ఆ మాట గేలన్ కడుపులో నిప్పులా పడింది. నలభై ఆరేళ్లుగా ఆరలేదు. ఆ కొత్త తుపాకులు చేసినవాళ్లకీ, ఇచ్చినవాళ్లకీ తిట్టిపోస్తూ రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. ఒక్కరూ జవాబివ్వలేదు.

లాయల్ తర్వాత గేలన్ అక్క వెర్నాను పెళ్లాడాడు. అలా బావ అయ్యాడు. నలభై ఏళ్లుగా ఇద్దరూ కలిసి జింకల వేటకు వెళుతున్నారు.

కొత్త తుపాకీ కర్ర, అంటే ఇనుమును పట్టి ఉంచే చెక్క, పెళ్లికొడుకు బూట్లలా మెరుస్తోంది. గేలన్‌కి ఆ మెరుపు నచ్చలేదు. మూలనున్న పీపాలో పాత సైన్యపు కర్రలు, ముక్కలుచేసి పారేసిన తుపాకుల తాలూకు వాల్‌నట్ చెక్కలు, గుత్తగా కొన్నవి నిలువుగా గుచ్చి ఉన్నాయి. గేలన్ చూడకుండానే చెయ్యి పెట్టాడు. పట్టుకున్న మొదటి కర్రనే పైకి లాగాడు. అరచేతికి అది ఎన్నాళ్లనుంచో అలవాటున్నదానిలా అమరింది. అవిసె నూనె వాసన. దాని అడుగున తడి మట్టి వాసన.

"దానికి పక్కన చిల్లుంటుంది, ఆ చెవి తిరిగేందుకు," అన్నాడు ఎస్టిల్. "నీ ఇనుముకి చెవి లేదు గనక చిల్లు ఊరికే నోరు తెరుచుకుని ఉంటుంది. చెక్క బిరడా కొట్టెయ్. అందరూ చేసే పనే. లేకపోతే వాన దూరుతుంది."

ఆ సాయంత్రమే గేలన్ షెడ్డులో కూర్చుని పాత కర్రను ఒలిచి శుభ్రం చేశాడు. ఇనుము కూర్చునే లోపలి గుంటలో నల్లటి నూనె మడ్డి పేరుకుని ఉంది. గుడ్డతో తుడుస్తుంటే దాని కింద కత్తితో చెక్కిన గుర్తు ఒకటి బయటపడింది. పంది చెవి. దాని అంచుకి రెండు గాట్లు, కింద ఒక చిల్లు.

చేతిలో గుడ్డ జారిపోయింది. పూర్వం ఆ కొండల్లో పందుల్ని అడవిలోకి వదిలేసేవాళ్లు. ఎవరిది ఎవరిదో తెలియడానికి పిల్లప్పుడే చెవికి గాటు పెట్టేవాళ్లు. ఇంటింటికీ ఒక గాటు. ఒకరి గాటు ఇంకొకరు పెడితే తలలు పగిలేవి. రెండు గాట్లు, ఒక చిల్లు ప్రేటర్లవి. అవి తెలిసిన ప్రేటర్లలో యుద్ధానికి పోయినవాడు ఒక్కడే.

గేలన్ ఆ కర్రను ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. ఏడుపు అయ్యాక మళ్లీ కోపమే వచ్చింది. ఇది వాడి చేతిలో ఉండుంటే వాడు బతికేవాడు. తీసుకున్నవాడెవడో గాని వాడి వంశం మండిపోను.

బిరడా చెక్కి, జిగురు పూసి, చిల్లులో దిగ్గొట్టాడు. పొద్దున చూస్తే బిరడా బల్లమీద పడి ఉంది. జిగురు నాసిరకమేమో అనుకుని వేరేది పూశాడు. మర్నాడు కూడా బల్లమీదే. మూడోసారి సన్నటి మేకు కూడా కొట్టాడు. పొద్దున మేకు నిటారుగా, వంకర లేకుండా, బిరడా పక్కనే పెట్టి ఉంది. చిల్లు అంచు వేలు పెడితే వెచ్చగా తగిలింది, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు. షెడ్డంతా తడి మట్టి వాసన. బయట పదిరోజులుగా చినుకు లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. నవ్వితే అతను కొడతాడు. అదంతా ఎందుకని మళ్లీ బిరడా పెట్టుకున్నాడు. తుపాకీ మాత్రం బంగారంలా పనిచేసింది. పొలంలో వంద గుళ్లు పేల్చినా ఒక్కసారి కూడా తడబడలేదు.

థ్యాంక్స్‌గివింగ్ పండగ వారం, సోమవారం, వేట మొదటి రోజు. పొద్దున ఒక్క జింకా కనపడలేదు. మధ్యాహ్నం మూడుగంటలకి లోయలోంచి పొగమంచు లేచి, వాగునీ, చెట్లనీ, చివరికి గేలన్, లాయల్ కాపు కాస్తున్న ఎత్తు చెక్క గూడునీ చుట్టేసింది. గేలన్ తన తుపాకీని అప్పటిదాకా గుడ్డ సంచీలోనే ఉంచాడు. బావకి చూపించి ఆశ్చర్యపరచాలని అతని కోరిక. లాయల్ కాళ్లు చాపుకుని మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెప్పరోనీ రొట్టె తింటున్నాడు.

"ఏరా బావమరిదీ, పెళ్లికూతురి ముసుగు ఎప్పుడు తీస్తావు? జింకలు ముసలివై చచ్చిపోయాకనా?"

"రొట్టె పక్కన పెట్టు బావా. నూనె చేతుల్తో ముట్టుకుంటే ఒప్పుకోను."

సంచీ విప్పాడు. లాయల్ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. నవ్వుతూనే తీసుకున్నాడు. భుజానికి ఆన్చే కొసనుంచి ముందుకి ఒకసారి నిమిరాడు. నిమిరే చెయ్యి మధ్యలో ఆగింది. మొహంలో రక్తం దిగిపోయింది.

"ఎక్కడిదిరా ఈ కర్ర?"

"ఎస్టిల్ పీపాలోది. ఏం?"

"చెవి గాటు... లోపల ఇంకా ఉందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. ఇక్కడ దొంగా అనలేదు, గుమ్మడికాయా అనలేదు. గాటు సంగతి గేలన్ ఎవరికీ చెప్పలేదు. ఇనుము విప్పితే తప్ప అది కనపడదు.

"నీకెలా తెలుసు?"

"వాడే చూపించాడు... చెక్కుతున్నప్పుడు..."

"చెక్కినవాడు నూనె మడ్డి కింద దాచాడు. ఇంకా ఉందా అని అడుగుతున్నావు. లాగేసుకున్న తుపాకీ అయితే నీకీ భయమెందుకు? అంటే వాడి తర్వాత పట్టుకున్నవాడివి. బావా, పాతవన్నీ లాగేసుకున్నారని మా అమ్మకి చెప్పావు."

లాయల్ తుపాకీ మీంచి చెయ్యి తీసేశాడు. గూడు చుట్టూ మంచు ఇంకా దగ్గరికి జరిగింది.

"అన్నీ తీసుకోలేదు," అన్నాడు, నేలకేసి చూస్తూ. "గుంపుకి ఒకటి ఉంచారు. మా గుంపులో అది డ్యూయీది. నా కొత్తది ముందురోజు బురదలో పడింది. తుడవాలి. తుడవలేదు. ఒళ్లు బద్ధకం. తెల్లవారుజామున కాపలా నాది. భయమేసింది గేలన్. వాడు నిద్రపోతున్నాడు. వాడిది తీసుకుని, నాది వాడి పక్కన పెట్టాను. ఒక్క గంటకే కదా అనుకున్నాను. ఆ గంటలోనే శత్రువులు మీద పడ్డారు."

"వాడు అడగలేదా?"

"అడిగాడు. మూడుసార్లు పిలిచాడు. 'లాయల్, నాది ఇవ్వరా' అని." లాయల్ మొహం తిప్పుకున్నాడు. "ఇస్తే నేను చచ్చేవాణ్ని."

గేలన్ లేచి నిలబడ్డాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ముక్కూ మొహం తెలియనివాళ్లని నలభై ఆరేళ్లు తిట్టాడు. తడిగుడ్డతో గొంతు కోసినవాడు మాత్రం పక్కనే కూర్చుని రొట్టెలు తిన్నాడు. అమ్మ చేతి మొక్కజొన్న రొట్టె తిన్నాడు, అక్కని చేసుకున్నాడు, అమ్మ శవపెట్టెకి భుజం కూడా పట్టాడు. తను చంపినవాడి అమ్మ శవపెట్టెకి.

తుపాకీ లాక్కున్నాడు. దానికి అయిదు గుళ్లు కూర్చిన పెట్టె, మ్యాగజైన్, తగిలించి ఉంది. ఆ క్షణంలో గేలన్‌కి చంపాలనే ఉంది. అందులో అబద్ధం లేదు.

టక్.

బిరడా ఊడి చెక్కలమీద పడి దొర్లింది. ఇద్దరూ దానివైపు చూశారు. తుపాకీ పక్కనున్న చిల్లులోంచి తడి మట్టి వాసన గుప్పున కొట్టింది. ఎర్రమట్టి... వేడి దేశపు మట్టి... ఆ కొండల్లో అలాంటి మట్టి లేదు.

కింద వాగు దగ్గర ఆకుల మీద అడుగులు. జింకవి కావు. రెండు కాళ్లవి. నాలుగడుగులు... ఆగాయి.

"లాయల్..."

పిలుపు చాలా మెల్లిగా వచ్చింది. కుర్రగొంతు. గేలన్ పన్నెండేళ్లప్పుడు విన్నాక మళ్లీ వినని గొంతు.

"నాది ఇవ్వరా..."

లాయల్ గోడకి అతుక్కుపోయాడు. "నువ్వు... విన్నావా?" అని గుసగుసలాడాడు.

గేలన్ విన్నాడు. ఒళ్లంతా చెమట పట్టింది. ఆ చెమటలో కూడా కోపం చల్లారలేదు. మ్యాగజైన్ తీసి జేబులో వేసుకున్నాడు. బోల్టు లాగి, లోపల గుండు లేదని వేలు పెట్టి చూశాడు. ఖాళీ తుపాకీని లాయల్ చేతుల్లో కుక్కాడు.

"పో. ఇచ్చిరా."

"గేలన్, వద్దురా... మీ అక్క మొహం చూసైనా..."

"అక్క మొహం నువ్వు చూశావా? ఒక్కసారే చెబుతున్నాను. అడుగుతున్నాడు. వెళ్లి ఇవ్వు."

"లాయల్..." మళ్లీ పిలుపు. రెండోసారి.

లాయల్ లేచాడు. ఏడుస్తూ నిచ్చెన దిగాడు. నారింజరంగు కోటు మంచులో కాసేపు మసకగా కనిపించింది. తర్వాత అదీ లేదు. ఆకుల చప్పుడు మాత్రం... దూరం... ఇంకా దూరం...

మూడో పిలుపు కోసం గేలన్ చెవులు రిక్కించాడు. అది రాలేదు.

టక్, అని మాత్రం వినపడింది. తాళంచెవి తిప్పినట్టు.

ఆ వెంటనే మంచు చిరిగిపోయింది. ఒక్క ఊపిరిలో ఇరవై. విడివిడిగా కాదు, ఒకే పొడుగాటి మోత. లోయ మొత్తం దాన్ని అందుకుని తిప్పి కొట్టింది. చెట్లమీద కాకులు లేవలేదు. తర్వాత అంతా నిశ్శబ్దం.

గేలన్ నిచ్చెన మీదనుంచి దాదాపు పడిపోతూ దిగాడు. లాయల్ వాగు ఒడ్డున మోకాళ్లమీద ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు. తుపాకీ ముందు నేలమీద అడ్డంగా పడి ఉంది. రెండు చేతులూ గాలిలో గట్టిగా పిడికిళ్లు బిగించి, కనపడని కమ్మీతో కనపడని గొట్టాన్ని పొడుస్తున్నట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ చేతులు విడదీయడానికి తర్వాత ఇద్దరు మనుషులు పట్టారు.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. షెరిఫ్ పంపిన మనిషి, క్లీటస్ అనే కుర్రాడు, గేలన్ మ్యాగజైన్ చూశాడు. అయిదు గుళ్లూ అందులోనే ఉన్నాయి. తర్వాత ఆకులు కాలితో తోశాడు. పేలిన గుళ్ల ఇత్తడి తొడుగులు బయటపడ్డాయి. పుల్లతో ఒకటొకటిగా వేరుచేసి లెక్కపెట్టాడు. ఇరవై. యాభై ఏళ్లు నేలలో పూడ్చినట్టు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి.

"ఇవి ఎప్పటివో పాతవి బాబాయ్," అంటూ ఒకటి అరచేతిలో వేసుకుని, చటుక్కున పారేసి చెయ్యి విదిలించుకున్నాడు. వేడికి చర్మం ఎర్రబడింది. తర్వాత వాటి గురించి కాగితంలో ఏమీ రాయలేదు. తుపాకీని మాత్రం పట్టుకెళ్లి ఆఫీసులో పెట్టి తాళం వేశాడు.

గురువారం పండగ జరగలేదు. శుక్రవారం లాయల్‌ని పూడ్చారు. చర్చి పక్క గదిలో ఆడవాళ్లు బీన్సు, పంది మాంసం, తీపి పైలు బల్లమీద సర్దారు. ఎవరూ పెద్దగా తినలేదు. వెర్నా నల్లబట్టల్లో తమ్ముడి పక్కన కూర్చుంది. అతను అక్కకి నిజం చెప్పలేదు. బావని మంచులోకి తోసింది తనేనని కూడా చెప్పలేదు. ఒకటి చెబితే రెండోదీ చెప్పాలి.

"నువ్వు పక్కనుండబట్టి సరిపోయిందిరా," అంది వెర్నా. "ఆఖరి నిమిషంలో ఒంటరిగా పోలేదు ఆయన."

అతని కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. తీసుకుని, వంగి చూసింది.

"ఏమిట్రా ఈ వేళ్లకి?"

బొటనవేలి మీదా చూపుడువేలి మీదా లోతుగా నల్లటి నొక్కులు. చిన్న ఇనప చెవిని బలంగా పట్టి తిప్పినట్టు. అతను ఆ రోజు పైన గూట్లోనే ఉన్నాడు. ఒట్టి చేతులతో ఉన్నాడు. సోమవారం సాయంత్రం నుంచీ ఆ నొక్కులు ఉన్నాయి. రోజురోజుకీ ఇంకా లోపలికి దిగుతున్నాయి.

"బొగ్గు మచ్చలేలే," అని చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. వెర్నా వదిలేసింది గాని, అతని వేళ్లు వదల్లేదు. అవి అక్క ముంజేతిని పట్టుకున్నాయి. నొక్కాయి. తుపాకీ చెవిని తిప్పినట్టు మెల్లిగా తిప్పాయి.

అతను తిప్పలేదు.

గదిలో ఎక్కడో, చాలా దగ్గరగా, టక్‌మంది.